పొరలు పొరలుగా పోసిన టైటానియం: నిలువుకీ అడ్డానికీ తేడా ఎంత?

(ఆదివారం ఉదయం మన తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం ఇది. మాట్లాడిన పద్ధతిలోనే, కొద్ది సవరణలతో ఇక్కడ అచ్చు వేస్తున్నాము. శ్రోతలు ఫోనులో అడిగిన ప్రశ్నలు కొన్ని చివర ఇచ్చాము.)



కిందటి వేసవిలో ఒక రాత్రి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేసరికి కాకినాడ నుంచి నాన్న ఫోను. ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ పొద్దున్న తొమ్మిది. కుశల ప్రశ్నలేవీ లేకుండా, "ఏరా, నువ్వు ఎమ్మెస్‌లో చదివింది లోహాల చదువేగా?" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. నేను మెకానికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ చేసి, మీలో చాలామందిలాగే, కంప్యూటర్ల మీద పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. పదేళ్ళకి పైగా నా చదువు గురించి మా ఇంట్లో ఎవ్వరూ అడిగిన పాపాన పోలేదు.

సంగతేమిటంటే, నాన్నకి తుంటి కీలు అరిగిపోయింది. మార్చక తప్పదని హైదరాబాదులో డాక్టరు గారు చెప్పారు. కటి ఎముకలో బిగించే లోహపు గిన్నెల్లో రెండు రకాలు చూపించారుట. ఒకటి మామూలు పద్ధతిలో చేసినది. రెండోది త్రీడీ ప్రింటింగులో టైటానియం పొడిని పొరలు పొరలుగా కరిగించి చేసినది. రెండోదాని ఖరీదు ఎక్కువ. నాన్న రోడ్లు-భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషి. ఆయన అనుమానం ఆయనది.

"స్లాబు పోస్తూ సాయంత్రం ఆపేసి, మర్నాడు మొదలెడితే ఆ అతుకు దగ్గరే నీళ్ళు కారతాయి. వరస మీద వరస పేర్చిన ఇటుక గోడ వరసల మధ్యే చీలుతుంది. మరి వెయ్యి పొరలు పేర్చిన గిన్నె నా తుంటిలో పెడితే, నేను మెట్లెక్కినప్పుడల్లా పొర పొరకీ ఊడిరాదా?" అన్నారు.

మంచి ప్రశ్న. నేను వెంటనే "అబ్బే, ఏం కాదు నాన్నా" అనేసి ఉండొచ్చు. కాని నా ఎమ్మెస్ థీసిస్ సరిగ్గా ఇదే విషయం మీద. జవాబు అంత తేలిక కాదని నాకు తెలుసు. "వారం రోజులు ఆగండి, పాత కాగితాలు తీసి సరిగ్గా చెబుతాను" అన్నాను. ఆ వారంలో నాన్నకి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను. మనలో చాలామందికి ఊళ్ళో పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకి మోకాళ్ళూ తుంటులూ ఉన్నాయి. పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు టైటానియం గురించి నాలుగు మాటలు

టైటానియం అరుదైన లోహం కాదు. మన భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఒడ్డున ఇసకలో నల్లటి చారలు కనిపిస్తాయి కదా, అందులో ఇల్మెనైట్ అనే ఖనిజం ఉంటుంది. టైటానియం ఉండేది అందులోనే. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు ఇటువంటి నల్ల ఇసకలోనే దీని జాడ పట్టాడు. చిక్కల్లా బయటికి తియ్యడంలోనే ఉంది. వేడి మీద ఉన్నప్పుడు ఇది ఆక్సిజన్‌నీ నైట్రోజన్‌నీ వదలదు, వాటిని పీల్చుకుని పెళుసెక్కిపోతుంది. లక్సెంబర్గ్ దేశస్థుడు విలియం క్రోల్ మెగ్నీషియం సాయంతో దీన్ని విడదీసే దారి కనిపెట్టేసరికి ఇరవయ్యో శతాబ్దం నాలుగో దశకం వచ్చింది. ఇప్పటికీ ముఖ్యంగా ఆ పద్ధతే. అందుకే ఖరీదు.

ఆ ఖరీదు ఎందుకు పెడతారు? బరువు ఉక్కులో సగానికి కొంచెం ఎక్కువ, బలం మంచి ఉక్కుతో సమానం, తుప్పు పట్టదు, ఒంట్లో పెడితే ఒళ్ళు ఓర్చుకుంటుంది. శుద్ధ టైటానియం కాస్త మెత్తన కనుక నూటికి ఆరు పాళ్ళు అల్యూమినియం, నాలుగు పాళ్ళు వెనేడియం కలుపుతారు. ఈ మిశ్రలోహానికి వాడుకలో 'సిక్స్-ఫోర్' అని పేరు. విమానాల్లోనూ, తుంటి కీళ్ళలోనూ ఎక్కువగా వాడేది ఇదే. ఇవాళ నేను టైటానియం అన్నప్పుడల్లా దీన్నే అంటున్నానని గ్రహించండి.

ఈ లోహానికి రెండు వేషాలు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు అణువులు ఆరు పలకల దొంతరలుగా సర్దుకుంటాయి, దాన్ని ఆల్ఫా రూపం అంటారు. బాగా వేడెక్కితే ఘనాకారపు గళ్ళలోకి మారతాయి, అది బీటా రూపం. శుద్ధ టైటానియం 882 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేషం మారుస్తుంది. సిక్స్-ఫోర్ అయితే దాదాపు 995 డిగ్రీల దగ్గర పూర్తిగా బీటా అయిపోతుంది. అల్యూమినియం ఆల్ఫా పక్షం, వెనేడియం బీటా పక్షం. అందుకని చల్లారాక కూడా ఆల్ఫా మధ్యలో కొంచెం బీటా మిగిలిపోతుంది. ఈ రెండు వేషాల సంగతి గుర్తు పెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ముగ్గు వేసినట్టు లోహం పొయ్యడం

ఇప్పుడు ప్రింటింగు. ఒక లోహపు పలక మీద టైటానియం పొడిని పల్చగా పరుస్తారు. మనం బియ్యప్పిండి ముగ్గు కోసం వాడే పిండి కన్నా మెత్తగా ఉంటుంది ఆ పొడి. పొర మందం ముప్ఫై నుంచి అరవై మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా పల్చన. దాని మీద లేజర్ కిరణం ముగ్గు గీసినట్టు గీస్తూ పోతుంది. కిరణం తగిలినచోట పొడి కరిగి, క్షణంలో గడ్డకడుతుంది. పలక ఒక పొర మందం కిందికి దిగుతుంది. మళ్ళీ పొడి, మళ్ళీ ముగ్గు. ఇదంతా గాలి తగలకుండా ఆర్గాన్ వాయువులో జరుగుతుంది. కారణం ఇందాక చెప్పాను కదా.

లేజర్ బదులు ఎలక్ట్రాన్ల కిరణంతో చేసే పద్ధతి ఇంకొకటి ఉంది. అది శూన్యంలో నడుస్తుంది. అక్కడ పొడి పరుపంతా ముందే ఏడు వందల డిగ్రీల ప్రాంతానికి వేడెక్కి ఉంటుంది. తుంటి గిన్నెలు ఈ పద్ధతిలో 2007 నుంచీ మనుషులకి అమరుస్తున్నారు. మూడోది, పొడి పరుపు లేకుండా, వెల్డింగు చేసినట్టు తీగనో పొడినో నేరుగా కరిగించి పోస్తూ పోవడం. పెద్ద భాగాలకి ఇది అనువు. నార్వేకి చెందిన నోర్స్క్ టైటానియం ఇలాంటి పద్ధతిలో చేసిన భాగాలకి అమెరికా విమానయాన శాఖ 2017లో అనుమతి ఇచ్చింది. అవి బోయింగ్ 787లో వాడారు. 2025లో యాపిల్ వాళ్ళ చేతి గడియారాల టైటానియం తొడుగులు కూడా పొడి నుంచి ప్రింటు చేసినవే.

ఇంత తంటా ఎందుకంటే, దిమ్మని చెక్కి విమాన భాగం చేస్తే కొన్నిటిలో పది కిలోలు కొని ఒక కిలో వాడుకున్నట్టు అవుతుంది. మిగతా తొమ్మిది కిలోలు రజను. అదీ కాక, ఎముక లోపలి మెత్తని భాగంలాగ చిల్లులు చిల్లులుగా ఉండే ఆకారం చెక్కడం ఎవరి తరం? ప్రింటు చెయ్యడం తేలిక.

పొరలు ఏమైపోతాయి?

ఇక్కడే నాన్న ప్రశ్నకి సగం జవాబు ఉంది. ఇటుకల గోడలో ఇటుక కరగదు. మర్నాడు పోసిన కాంక్రీటు నిన్నటి కాంక్రీటుని కరిగించలేదు. లేజర్ మాత్రం కొత్త పొడిని కరిగించి ఊరుకోదు, కింద ఉన్న రెండు మూడు పొరల్ని కూడా మళ్ళీ కరిగిస్తుంది. ఆ కరిగిన మడుగు గడ్డకట్టేటప్పుడు ఏం జరుగుతుంది?

ఏ లోహమైనా గింజల పోగు. గింజ అంటే, అణువులన్నీ ఒకే వరసలో తీరిన ఒక చిన్న స్ఫటికం. ఇంగ్లీషులో గ్రెయిన్ అంటారు. మడుగు అడుగున కరగకుండా మిగిలిన గింజలు ఉంటాయి. గడ్డకట్టే లోహం కొత్త గింజ మొదలెట్టదు, అడుగున ఉన్న గింజ వరసనే అందుకుని పైకి పెరుగుతుంది. వేడి కింద ఉన్న లోహంలోకి పోతుంది కనుక గింజ దానికి ఎదురుగా పైకి పెరుగుతుంది. తరువాతి పొరలో కూడా అంతే. చూస్తూండగా ఒకే గింజ పదుల కొద్దీ పొరల్ని దాటుకుని, నిలువుగా, మిల్లీమీటర్ల పొడవున స్తంభంలాగ పెరుగుతుంది. దాని వెడల్పు మాత్రం ఒక వెంట్రుక మందం.

సిక్స్-ఫోర్‌లో ఈ స్తంభాలు మరీ ఎక్కువ. ఇది గడ్డకట్టే ఉష్ణోగ్రతల మేర చాలా ఇరుకు. పైగా అల్యూమినియం, వెనేడియం గడ్డకట్టిన భాగంలోనూ ద్రవంలోనూ ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉండిపోతాయి. అందుకని మడుగు మధ్యలో కొత్త గింజలు మొలవడానికి సందు దొరకదు. అడుగు నుంచి వచ్చే పాత గింజలదే రాజ్యం.

అంటే, బాగా ప్రింటు చేసిన ముక్కని కోసి, మెరుగు పెట్టి, ఆమ్లంలో ముంచి మైక్రోస్కోపు కింద చూస్తే మీకు పొరల అతుకులు కావు కనబడేది, నిలువు స్తంభాలు. నాన్నకి నేను చెప్పిన మాట ఇది: "ఇది ఇటుక గోడ కాదు, వెదురు మోపు అనుకోండి."

వెంటనే ఆయన, "అయితే అడ్డంగా చీలదు గాని, నిలువునా చీలుతుందన్నమాట" అన్నారు. వర్క్ ఇన్‌స్పెక్టరు గారిని మాయ చెయ్యడం కష్టం.

స్తంభం లోపల సూదులు

నిజానికి వెదురు పోలిక సగం దాకానే పనికొస్తుంది. ఈ స్తంభాలు పుట్టినది బీటా రూపంలో. చల్లారుతూ 995 డిగ్రీల కిందికి రాగానే లోపల ఆల్ఫా పుడుతుంది. అది ఇష్టం వచ్చినట్టు పుట్టదు. బీటా వరసకీ ఆల్ఫా వరసకీ ఒక లెక్క ఉంది. 1934లో బర్గర్స్ అనే డచ్చి శాస్త్రవేత్త జిర్కోనియంలో ఈ లెక్క తేల్చాడు, టైటానియానికీ అదే వర్తిస్తుంది. ఆ లెక్క ప్రకారం ఒక్క బీటా గింజలో ఆల్ఫా పన్నెండు వేరు వేరు దిక్కుల్లో పుట్టవచ్చు.

ఇది మన అదృష్టం. ఆల్ఫా స్ఫటికం ఒంటరిగా ఉంటే దిక్కుని బట్టి దాని బిగువు చాలా మారుతుంది. ఒక దిక్కున లాగితే 145 గిగాపాస్కల్స్, దానికి అడ్డంగా లాగితే 100. బిగువు అంటే ఎంత లాగితే ఎంత సాగుతుందన్న లెక్క. స్తంభం మొత్తం ఒకే ఆల్ఫా స్ఫటికంగా మారి ఉంటే ప్రింటు చేసిన ముక్క నిలువుగా ఒక రకం, అడ్డంగా ఒక రకం అయిపోయేది. పన్నెండు దిక్కుల సూదులు కలగలిసిపోవడం వల్ల ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. కొలిచి చూస్తే నిలువుకీ అడ్డానికీ బిగువు ఇంచుమించు ఒకటే, 110 గిగాపాస్కల్స్ ప్రాంతంలో.

ఆ సూదులు ఎంత సన్నగా ఉంటాయన్నది చల్లారే వేగం మీద ఉంటుంది. బెల్లం పాకం తెలుసు కదా, చల్లటి నీళ్ళలో వేస్తే ఒక రకం, పొయ్యి మీదే మెల్లగా ఆరనిస్తే ఒక రకం. ఈ లోహం సెకనుకి 410 డిగ్రీల కన్నా వేగంగా చల్లారితే అణువులు సర్దుకునే వ్యవధి లేక, మార్టెన్‌సైట్ అనే బిగుసుకుపోయిన సన్న సూదుల రూపం వస్తుంది. లేజర్ పద్ధతిలో చల్లారే వేగం సెకనుకి పదివేల డిగ్రీలు దాటుతుంది. కాబట్టి లేజర్ యంత్రం నుంచి బయటికి వచ్చిన ముక్క దాదాపు అంతా మార్టెన్‌సైటే. బలం 1100 మెగాపాస్కల్స్ దాటుతుంది, కాని తెగే ముందు సాగే గుణం తరచు నూటికి పది లోపే. ఎలక్ట్రాన్ పద్ధతిలో పరుపంతా వేడిగా ఉంటుంది కనుక సూదులు మెల్లగా, కొంచెం లావుగా, ఆల్ఫా-బీటా కలిసిన పొరలుగా తయారవుతాయి. బలం కొంచెం తక్కువ, సాగుడు ఎక్కువ.

బలం ఎక్కువైతే మంచిదే కదా అని మీరనవచ్చు. తెగే లోహం ముందు కాస్త సాగి హెచ్చరించాలి. సాగకుండా పుటుక్కున తెగేది ఎంత బలమైనదైనా తుంటిలోనూ, విమానం రెక్కలోనూ పనికిరాదు.

నిలువుగా లాగితే ఏమిటి, అడ్డంగా లాగితే ఏమిటి?

బిగువులో తేడా లేదన్నాను. బలంలోనూ తేడా సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. తేడా కొట్టొచ్చినట్టు కనబడేది సాగుడులో, ఆపైన అలసటలో.

దీనికి రెండు కారణాలు ఉన్నాయి, రెండూ ఎదురెదురు దిక్కుల్లో పనిచేస్తాయి.

మొదటిది, స్తంభాల హద్దులు. మెల్లగా చల్లారే పద్ధతుల్లో ఆ హద్దుల వెంట ఆల్ఫా ఒక పల్చటి పట్టీలాగ పేరుకుంటుంది. ముక్కని అడ్డంగా, అంటే పొరల వెంట లాగితే, ఆ లాగుడు నిలువు హద్దుల్ని విడదీస్తుంది. పగులు ఆ పట్టీ వెంట సులువుగా పరుగెడుతుంది. నిలువుగా లాగితే హద్దులు లాగే దిక్కునే ఉంటాయి కనుక అవి విడివడవు. 2015లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు లేజర్‌తో పొడిని నేరుగా పోసి కట్టిన గోడ నుంచి ముక్కలు కోసి లాగి చూశారు. అడ్డంగా నూటికి 11, నిలువుగా 14 సాగింది. నాన్న అన్న వెదురు మాట ఇక్కడ నిజమే.

రెండోది, ఖాళీలు. లేజర్ శక్తి చాలకపోయినా, గీతకీ గీతకీ మధ్య ఎడం ఎక్కువైనా, కొన్నిచోట్ల పొడి పూర్తిగా కరగకుండా పొరల మధ్య పల్చటి, చదునైన ఖాళీలు మిగిలిపోతాయి. వాటి అంచులు కత్తిలాగ పదునుగా ఉంటాయి. ఇవి పొరల వెంట పడుకుని ఉంటాయి. అడ్డంగా లాగితే వీటివల్ల పెద్ద నష్టం లేదు. నిలువుగా లాగితే నోరు తెరుచుకుంటాయి. నాన్న చెప్పిన స్లాబు అతుకు సరిగ్గా ఇదే. అంటే ఆయన భయం నిరాధారం కాదు, చెడ్డగా ప్రింటు చేసిన ముక్కకి అది అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి, "నిలువు బలహీనమా, అడ్డం బలహీనమా?" అని అడిగితే, ఒక పత్రం ఒకటి చెబుతుంది, ఇంకో పత్రం రెండోది చెబుతుంది. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఖాళీలు ఉన్న ముక్కలో నిలువు బలహీనం. ఖాళీలు లేకుండా, హద్దుల్లో పట్టీలు ఉన్న ముక్కలో అడ్డం బలహీనం. నేను చదువుకునే రోజుల్లో ఈ సంగతి అర్థమవడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది.

అప్పటి నా నిర్వాకం ఒకటి చెబుతాను. ఒక దిమ్మ నుంచి తొమ్మిది నిలువు ముక్కలు, తొమ్మిది అడ్డం ముక్కలు కోయించాను. చివరలకి మెరుగు పెట్టే ఉత్సాహంలో వాటి మీద మార్కరుతో రాసిన గుర్తులన్నీ చెరిపేశాను. పద్దెనిమిదీ ఒకే సంచిలో పడ్డాయి. చేతితో పట్టుకుంటే అన్నీ ఒకటే, కంటికీ ఒకటే. దిక్కు గురించి థీసిస్ రాస్తూ దిక్కు పోగొట్టుకున్నవాణ్ణి నేనే అయి ఉంటాను. మా ప్రొఫెసర్ గారు కోప్పడలేదు. "లోహం మర్చిపోదు, వెళ్ళి దాన్నే అడుగు" అన్నారు. ఒక్కొక్క ముక్క చివర క్రోల్ పేరుతోనే ఉన్న ఆమ్లంతో తుడిచి మైక్రోస్కోపు కింద చూశాను. నిలువు ముక్క చివర, వెదురు మోపుని అడ్డంగా నరికినట్టు, గుండ్రటి చుక్కలు. అడ్డం ముక్క చివర పొడుగాటి చారలు. మూడు వారాలు పట్టింది గాని, పద్దెనిమిదీ తేలాయి. కంటికి కనబడకపోయినా ఏ ముక్కకైనా తల ఏదో కాళ్ళు ఏవో ఉంటాయన్న సంగతి అప్పుడు బుర్రకెక్కింది.

సరిదిద్దే మార్గాలు

యంత్రం నుంచి తీసిన ముక్కని అలాగే వాడరు. ముందు వేడి చేసి, మెల్లగా చల్లార్చి లోపలి బిగింపులు తీస్తారు. లేజర్ ముక్కల్లో మార్టెన్‌సైట్ విడిపోయి ఆల్ఫా-బీటాగా మారుతుంది. బలం కొంత తగ్గి సాగుడు పెరుగుతుంది.

ముఖ్యమైన పనులకి ఇంకో చికిత్స ఉంది. ముక్కని 920 డిగ్రీల ప్రాంతానికి వేడి చేసి, ఆర్గాన్ వాయువుతో అన్ని వైపుల నుంచీ వంద మెగాపాస్కల్స్, అంటే సుమారు వెయ్యి వాతావరణాల ఒత్తిడితో, కొన్ని గంటల పాటు నొక్కుతారు. దీన్ని హిప్ అంటారు. తుంటికీ దీనికీ సంబంధం లేదు, పేరు అలా కలిసింది. లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ఇక నిలువుగా లాగినా తెరుచుకోవడానికి నోళ్ళు ఉండవు. అయితే పైతోలు దాకా వచ్చిన పగుళ్ళని ఇది మూయలేదు, అందులోకి వాయువే దూరిపోతుంది కనుక.

మరి స్తంభాలు? 920 డిగ్రీలు 995కి దిగువ కనుక వాటి ఆనవాలు పోదు. 995 దాటించి వేడి చేస్తే పోతుంది, కాని గింజలు లావెక్కి సాగుడు దెబ్బతింటుంది. కాబట్టి మొలిచేటప్పుడే అడ్డుకోవడం మేలని ఇప్పటి పరిశోధన. మెల్‌బోర్న్‌లోని ఆర్.ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో టైటానియంలో రాగి కలిపి, 2020లో సిక్స్-ఫోర్ మడుగుని అతిధ్వని తరంగాలతో కదిలించి, స్తంభాల బదులు పొట్టి గింజలు వచ్చేట్టు చేసి చూపించారు.

ఒక్క మాట అలసట గురించి. మనిషి ఏడాదికి లక్షల అడుగులు వేస్తాడు. ఒక్క అడుగుకి తెగని లోహం లక్షల అడుగులకి తెగవచ్చు. అలసట పగులు సామాన్యంగా ఖాళీ దగ్గరో, గరుకుగా ఉన్న పైతోలు దగ్గరో మొదలవుతుంది. సగం కరిగిన పొడి రేణువులు అంటుకుని ప్రింటు ముక్క పైన గరుకుగా ఉంటుంది. కాబట్టి అలసట విషయంలో స్తంభాల దిక్కు కన్నా పైతోలూ ఖాళీలూ పెద్ద దొంగలు.

మళ్ళీ తుంటి దగ్గరికి

వారం తరువాత నాన్నకి ఫోను చేసి చెప్పినది ఇది. మీ గిన్నె మీద పడేది ముఖ్యంగా నొక్కుడు, లాగుడు కాదు. నొక్కినప్పుడు ఖాళీలు నోరు తెరవవు. గిన్నె వెనక చిల్లులు చిల్లులుగా చేసేది ఎముక అందులోకి పెరిగి పట్టుకోవడానికి. ఎముక బిగువు పది నుంచి ముప్ఫై గిగాపాస్కల్స్, గట్టి టైటానియం బిగువు 110. చిల్లులు పెడితే ఆ భాగం మెత్తబడి ఎముకకి దగ్గరవుతుంది. అది ప్రింటింగు వల్ల వచ్చే లాభం.

మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాను, డాక్టరు గారిని అడగమని. ఒకటి, ఈ గిన్నెకి ప్రింటయ్యాక వేడి చికిత్స, హిప్ చేశారా? రెండు, పరీక్ష ముక్కల్ని నిలువుగానూ అడ్డంగానూ లాగి చూశారా, ప్రమాణం దాటాయా? ఈ ప్రమాణం 2012లో వచ్చింది. దాని ప్రకారం బలం కనీసం 895 మెగాపాస్కల్స్, సాగుడు నూటికి పది ఉండాలి. మూడు, మీరు స్వయంగా ఏ రకం ఎక్కువ అమర్చారు, వాటి బాగోగులు ఎలా ఉన్నాయి?

డాక్టరు గారు విసుక్కోలేదు. మొదటి రెండిటికీ కంపెనీకి రాసి నాలుగు రోజుల్లో కాగితం తెప్పించారు. రెండూ సవ్యంగా ఉన్నాయి. మూడోదానికి మాత్రం, "మీ ఎముక గట్టిగా ఉంది, రెండూ పట్టుకుంటాయి. ఎముక బాగా పోయినవాళ్ళకి ప్రింటు చేసినది నేను గట్టిగా చెబుతాను. నేను ఎక్కువ అమర్చినది మాత్రం పాతదే" అన్నారుట.

నాన్న పాతదే పెట్టించుకున్నారు. నాకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయింది. వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదివినదంతా వృథా అనిపించింది. ఆ మాటే పైకి అన్నాను కూడా. "వృథా ఏమిట్రా, ముందు భయపడి వద్దనుకున్నాను. తరవాత తెలుసుకుని వద్దన్నాను. డాక్టరు చెయ్యి అలవాటు పడ్డది తీసుకున్నాను, అంతే. మీ అమ్మకి మోకాలు వచ్చినప్పుడు మళ్ళీ చూద్దాం" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే కర్ర లేకుండా నడుస్తున్నారు.

శ్రోతల ప్రశ్నలు

ఒక బాబు అడిగాడు: మా స్కూల్లో ప్లాస్టిక్ త్రీడీ ప్రింటరు ఉంది. దానితో చేసిన బొమ్మ పొరల దగ్గరే విరుగుతుంది. మరి టైటానియం ఎందుకు విరగదు?

మంచి ప్రశ్న నాన్నా. మీ ప్రింటరు వేడి ప్లాస్టిక్ తీగని పాత పొర మీద అతికిస్తుందే గాని, పాత పొరని పూర్తిగా కరిగించదు. అందుకని అతుకు బలహీనం. మా నాన్న గారి ఇటుక గోడ అక్కడ నూటికి నూరు పాళ్ళూ నిజం. టైటానియంలో కింది పొరలు కూడా కరిగి, గింజ ఒకటే పైదాకా పెరుగుతుంది. మీ టీచరు గారితో చెప్పి అదే బొమ్మని ఒకసారి నిలబెట్టి, ఒకసారి పడుకోబెట్టి ప్రింటు చేసి విరిచి చూడు. నా థీసిస్ నీకు పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఒక అమ్మగారు అడిగారు: మా అత్తగారికి టైటానియం కీలు ఉంది. వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు. ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెడతారా?

టైటానియాన్ని అయస్కాంతం ఆకర్షించదు గాని, లోహాన్ని పట్టే యంత్రం కూత పెట్టవచ్చు. కంగారు పడనక్కరలేదు. తనిఖీ చేసేవారికి ముందే చెప్పమనండి. భాష ఇబ్బంది అయితే "తుంటిలో లోహపు కీలు ఉంది" అని ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి చేతికి ఇవ్వండి. ఎమ్మారై స్కాను అవసరమైతే అక్కడా ముందే చెప్పాలి.

ఇంకొక పెద్దాయన అడిగారు: మన దేశంలో ఈ లోహం తయారవుతుందా?

అవుతుందండీ. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగం, మనం మిధాని అంటాం, టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తుంది. హైదరాబాదులోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతితో కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పాంజి కర్మాగారం మొదలైంది. ఇసక మన ఒడ్డునే ఉంది, చదువుకున్నవాళ్ళూ ఉన్నారు.

చివరిగా ఒక మనవి. నేను డాక్టరుని కాను, ఇది వైద్య సలహా అనుకోవద్దు. మీవాళ్ళ ఎముక సంగతి తెలిసినవారు వాళ్ళ డాక్టరే. మీరు చెయ్యగలిగినది, ఊరి నుంచి ఇలాంటి ఫోను వచ్చినప్పుడు "ఏం కాదులే" అని పెట్టెయ్యకుండా, అడగవలసిన ప్రశ్నలు వాళ్ళకి తెలుగులో రాసి ఇవ్వడం.